పసుపు గీత

బస్సుల డిపోలో చక్రాలు బిగించే ఆ మెకానిక్‌ని అందరూ ‘పాస్టరు గారు’ అనేవారు. పాస్టరేమీ కాదు. రోజూ తెల్లవారగానే బైబిల్లో ఒక భాగం చదివి, దాని మీద నాలుగు మాటలు రాసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఆ తర్వాత బీరువా తలుపుకు లోపల అంటించిన పట్టికలో టిక్కు కొడతాడు. ఏడేళ్లలో ఒక్క గడి ఖాళీ లేదు. ‘మా ఆయనకి జ్వరమొస్తుంది గానీ టిక్కుకి రాదు’ అని భార్య ఎగతాళి చేసేది. తీరిక లేని రోజుల్లో టిక్కు ముందు కొట్టి, చదువు మధ్యాహ్నం కానిచ్చేవాడని ఆమెకీ తెలియదు.

డిపోలో ఒక పద్ధతి ఉంది. చక్రం నట్లు బిగించాక నట్టు మీది నుంచి చక్రం మీదికి పసుపు రంగుతో ఒక గీత గీయాలి. నట్టు వదులైతే గీత విరిగినట్టు కనిపిస్తుంది. పదకొండు రోజుల కిందట ఒక బస్సు గేటు దాటకముందే వెనక చక్రం ఊగింది. గీతలున్నాయి, బిగింపు లేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ బస్సును అతనూ, అదే డిపోలో పనిచేసే అతని బావమరిదీ కలిసి చూశారు, కాగితం మీద సంతకం మాత్రం బావమరిదిది. ఫోర్‌మన్ అడిగితే ఆ కుర్రాడు గుర్తు లేదండి అన్నాడు. పక్కనే ఉన్న మెకానిక్ తన బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. ముందు గీతలు గీసి తర్వాత బిగిద్దామనుకుని, టీకి పిలిస్తే వెళ్లిపోయింది తనే. బావమరిదిని బస్సులు కడిగే షెడ్డుకు మార్చారు.

ఇవాళ పొద్దున వంతు వచ్చిన భాగం అతనికి కంటిలో నలుసైంది. అర్పణ ఇవ్వబోతుండగా సహోదరుడికి నీ మీద ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే పెట్టి ముందు వెళ్లి అతనితో సమాధానపడమని ఉంది. నాలుగుసార్లు రాశాడు, నాలుగుసార్లూ చెరిపాడు. పోనీ అని రేపటి భాగం తిప్పాడు, ఒక్క ముక్క ఎక్కలేదు. పెన్సిలు టిక్కు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. డిపోకి వచ్చి మూడు బస్సులు చూసినా కాలు ఒకచోట నిలవలేదు. పదింటికి షెడ్డుకు నడిచాడు.

“ఆ రోజు వెనక చక్రం నాదిరా.”

బావమరిది నీళ్ల గొట్టం ఆపలేదు. “తెలుసు.”

“తెలుసా?”

“ఎడమ చేత్తో గీసేది డిపోలో నువ్వొక్కడివే బావా. నీ గీత ఒరుగుతుంది.”

“మరి ఫోర్‌మన్‌తో అనలేదేం?”

“రోజూ పొద్దున్నే నీ మెసేజ్ చదువుతున్నాగా. ఇవాళ చెప్తాడు, ఇవాళ చెప్తాడు అనుకుంటూ వచ్చా. మొన్న నిజాయితీ గురించి రాశావు చూడు, భలే రాశావు.”

చెంప మీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు. తిన్నగా ఫోర్‌మన్ గదికి వెళ్లాడు. సంగతి విని ఆయన రాసివ్వమన్నాడు. ఏడేళ్లుగా పొద్దుపొద్దున్నే ధారాళంగా రాసిన చెయ్యి రెండు వాక్యాలకు అరగంట తీసుకుంది.

“ఇంతేనా పాస్టరు గారూ?” అన్నాడు ఫోర్‌మన్ చదివి.

“ఇంతేనండి.”

బావమరిదిని వెనక్కి తీసుకునేదీ, అతన్ని ఏం చేసేదీ సోమవారం మేనేజరు తేలుస్తారని, అందాకా స్పానర్ ముట్టుకోవద్దని ఫోర్‌మన్ చెప్పాడు. అతను గుమ్మం దాటబోయి ఆగాడు. పొద్దున చూసిన మూడు బస్సులు గుర్తొచ్చాయి. చేతులు ఆడాయి సరే, మనసు అక్కడ లేదు. గీతలు మాత్రం చక్కగా పడ్డాయి.

“ఆ మూడింటినీ బయటికి పంపకండి సార్,” అన్నాడు. “మా వాణ్ని పిలిచి ఒకసారి చూడమనండి. నా గీతల్ని నమ్మొద్దు.”