నాలుగు వేళ్ల ఎత్తు

నా కూతురు ఆటల సంచి తెరిస్తే ఇల్లంతా నొప్పుల మందు వాసన. నాగర్‌కర్నూల్‌లో మేముండే రెండు గదుల అద్దె ఇంట్లో ఆ వాసన ఎటూ పోదు. ఉతికిన బట్టలకూ, బియ్యం డబ్బాకూ, ఆఖరికి పొద్దున తాగే చాయ్‌కీ పట్టుకుంటుంది. పోయిన వారం ఆ సంచిలోంచే బడి వాళ్లిచ్చిన ఒక కాగితం బయటికొచ్చింది. నా పద్నాలుగేళ్ల బిడ్డను పెద్దవాళ్ల కబడ్డీ జట్టులో ఆడించడానికి తల్లిగా నాకు అభ్యంతరం లేదని అందులో రాసి ఉంది. కింద సంతకం చేయమంది బిడ్డ. పెన్ను తీసుకుని, మళ్లీ మూత పెట్టేశాను. గద్వాలలో మా వీధి, మా పెద్దనాయిన మగ్గం గుంట, మా శేఖరన్న మోకాలు ఒకదాని వెనక ఒకటి కళ్ల ముందుకొచ్చాయి.

మాది నేతగాళ్ల వీధి. చలికాలం తెల్లవారేసరికి వీధి పొడుగునా మగ్గానికి ఎక్కించే పడుగు దారాలు సాచి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వుతుంటే ఆ పులిసిన గంజి వాసన పీలుస్తూ, తడి దారాల కింద నుంచి వంగి దూరి మేము బడికి పోయేవాళ్లం. చేతిలో అమ్మ చుట్టి ఇచ్చిన జొన్నరొట్టె, దాని లోపల నూనె చుక్కతో కలిపిన పల్లికారం. పగలంతా ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. పొద్దు వాలితే మగ్గాలు దిగిన మగవాళ్లు, జుట్టుకు అంటుకున్న నూలు పోగులు కూడా దులుపుకోకుండా, వీధి చివరి ఖాళీ జాగాలో లుంగీలు ఎగ్గట్టి కబడ్డీకి దిగేవాళ్లు. పగలంతా మగ్గం కింద గుంటలో ఉన్న కాళ్లకు ఆ గంట సేపే విడుదల. వాళ్ల పక్కనే ఇంకో గీత గీసుకుని చిన్నోళ్ల జట్టు ఆడేది.

చిన్నోళ్లను పెద్దోళ్లలో ఎప్పుడు కలుపుకోవాలనేదానికి మా వీధిలో వయసు లెక్క లేదు, సగం మందికి పుట్టిన తేదీయే తెలియదు. మగ్గం గుంటే కొలత. గుంట అంచున కూర్చుని, నడుము జారకుండా, అడుగున తాళ్లకు వేలాడే తొక్కుడు చెక్కల మీద రెండు అరికాళ్లూ పూర్తిగా ఆనించాలి. ఆనితే మగ్గం మీదా కూర్చోవచ్చు, పెద్దోళ్లతో కబడ్డీకీ పోవచ్చు. మునివేళ్లే తగిలితే ఇంకో ఏడాది ఆగాల్సిందే, అలిగినా అంతే, అన్నం మానేసినా అంతే. చెక్క అందనివాడి ఎముక ఇంకా పచ్చిదని పెద్దల మాట. ఆ పరీక్ష పెట్టేది మా నాన్నకు అన్న అయిన పెద్దనాయిన. జట్టుకు పెద్ద ఆయనే, గుంటా ఆయనదే.

నా సొంత అన్న శేఖరన్నకు అప్పుడు పద్నాలుగేళ్లు, నాకు తొమ్మిది. అన్న కూతకు పోతే చిన్నోళ్లలో పట్టే మొనగాడు లేడు. పట్టుకున్నామనుకున్నవాళ్ల చేతుల్లో చొక్కా ముక్క మిగిలేది. కానీ గుంటలో కూర్చుంటే మునివేళ్లే తగిలేవి. మల్దకల్ జాతరలో జరిగే పోటీల్లో రెండేళ్లు వరసగా ధరూర్ వైపు రైతుల జట్టు చేతిలో మా పెద్దోళ్లు ఓడిపోయి, తిరుగు బస్సులో ఎవరి మొహం ఎవరూ చూసుకోకుండా వచ్చారు. మూడో ఏడు, కూతకు బాగా పోయే ఆయన జ్వరంతో మంచం పట్టాడు. జాతరకు ముందు రోజు శేఖరన్నను ఇంకొకసారి కొలుస్తానన్నాడు పెద్దనాయిన. అన్న ఆ పొద్దున గుంటలో కూర్చుని చూసుకుని, మళ్లీ మునివేళ్లే తగిలాయని ఏడ్చి రొట్టె ముట్టలేదు.

పెద్దనాయిన పక్కన కూర్చుని చీర అంచు నేసేటప్పుడు పోగు నడిపే నాడె అందించే పని నాది, కాబట్టి ఏ తాడు ఎక్కడిదో నాకు తెలుసు. అందరూ అన్నాలకు లేచినప్పుడు గుంటలోకి దిగి, చెక్కల తాళ్లు రెండూ నాలుగు వేళ్ల మందం పైకి లాగి ముడేశాను. ఎవరూ చెయ్యమనలేదు. అన్న ఏడుపు చూడలేక చేశాను, చేసి పెద్ద ఘనకార్యంలా మురిసిపోయాను కూడా.

అన్న కూర్చున్నాడు. అరికాళ్లు ఆనాయి. పెద్దనాయిన గుంటలోకి వంగి చాలాసేపు చూశాడు.

"అందినయ్‌రా. రేపు మాతోని రా," అన్నాడు.

నాకు అసలు భయం అప్పుడు మొదలైంది, ఎందుకంటే తాళ్లు సరిచేసేలోపే ఆయన వచ్చి మగ్గం మీద కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా నేశాడు. తాళ్ల ఊసెత్తలేదు. మర్నాడు బయలుదేరే ముందు ముడి విప్పుదామని పోతే, తాళ్లు ఎప్పటిలాగే కిందికి ఉన్నాయి. ముడి దానంతటదే జారిపోయిందనుకుని దేవుడికి దండం పెట్టుకున్నాను.

జాతరలో బొరుగులు, మిర్చి బజ్జీలు, ఎర్ర దుమ్ము, పిల్లల బూరలు. నాన్న భుజం మీద నుంచి చూశాను. అన్న మొదటి రెండు కూతల్లో ముగ్గురిని తాకి వచ్చాడు, మా వీధంతా ఊగిపోయింది. మూడో కూతలో గీత దగ్గర ముగ్గురు పెద్దవాళ్లు ఒక్కసారి మీద పడ్డారు. వాళ్ల తప్పు కాదు, ఆటే అది. అందరూ లేచారు, అన్న లేవలేదు. కుడి మోకాలు పక్కకు తిరిగి ఉంది.

దవాఖానలో నెల పైన ఉంచారు. కాలు నిలిచింది గానీ మోకాలు మళ్లీ వంగలేదు. వంగని కాలు గుంటలో పట్టదు, చెక్క తొక్కదు. కబడ్డీ పోతే పోయింది, నేతగాని కొడుక్కు మగ్గమే పోయింది. ఇళ్లలో ఆడవాళ్లూ ముసలివాళ్లూ చేసే, నూలును కండెలకు చుట్టే పని అన్నకు పదిహేనో ఏట మొదలై ఈనాటికీ నడుస్తోంది. పెద్దనాయిన మాత్రం ప్రతి ఆదివారం మేక కాళ్లు తెచ్చి పులుసు పెట్టించేవాడు. అన్న తాగేదాకా గడప మీద కూర్చుని, గిన్నె కడిగించుకుని పోయేవాడు. ఎంత ప్రేమో అనుకునేదాన్ని. ఆ పులుసు వాసన వస్తే నేను వీధిలోకి పోయేదాన్ని, తప్పు నాది కదా మరి.

పెళ్లయ్యాక రెండేళ్లు నేనూ గుంటలో కూర్చుని నేశాను. ఒక పొద్దున తాడు సాగి చెక్క ఒక్క వేలు మందం కిందికి దిగింది. మొదటి తొక్కుకే కాలికి తెలిసిపోయింది. నాడె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. రెండేళ్ల కాలికి ఒక్క వేలు తేడా తెలిస్తే, ముప్ఫై ఏళ్లు అదే గుంటలో తొక్కిన మనిషికి నాలుగు వేళ్లు తెలియవా? ముడి జారలేదు. ఆయనే విప్పాడు. అప్పటికి పెద్దనాయిన పోయి ఏడాది అయింది, అడగడానికి మనిషి లేడు. ఆయన మీద వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు.

అన్నకు మాత్రం పోయిన వారం దాకా చెప్పే ధైర్యం రాలేదు. కాగితం వచ్చిన మర్నాడు ఫోన్ చేసి, కాగితం సంగతీ తాడు సంగతీ అంతా చెప్పి ఏడ్చాను. అవతల అన్న కండెలు చుట్టే రాట్నం ఆపాడు.

"ఒక్క దినంల కాళ్లు నాలుగు వేళ్లు పెరుగుతయా? కూసున్నప్పుడే నాకు ఎరుక. నాకు ఆడాలనుండె, ఆయనకు గెలవాలనుండె. నువ్వొక్కదానివే గిన్నేండ్లు పరేషాన్ అయినవు." తర్వాత కాగితం సంగతికి వచ్చాడు. "పిల్ల అక్కరకొచ్చిందని తీసుకుంటుండ్రా, పిల్లకు ఆడే యాళ్ల అయిందని తీసుకుంటుండ్రా? గది అడుగు ముందుగల."

బడికి పోయి అడిగాను. ఆటలు నేర్పే ఆయన మంచివాడే, ఉన్నమాట చెప్పాడు. పెద్ద జట్టులో ఒకమ్మాయి కాలు విరిగిందట, పోటీలు దగ్గర పడ్డాయట. నేను సంతకం పెట్టలేదు. వచ్చే ఏడు మళ్లీ పిలుస్తారో లేదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. బిడ్డ నాతో మాట్లాడి ఆరు రోజులైంది. సంచి మూలకు విసిరేసింది, మందు వాసన మాత్రం పోలేదు.

మొన్న గద్వాల పోయి వచ్చాను. మా వీధిలో గుంటలు చాలా వరకు పూడ్చేశారు. పడుగులు సాచే జాగాలో బండ్లు నిలుపుతున్నారు, కబడ్డీ ఆడే జాగాలో ఇళ్లు లేచాయి. ఇప్పుడు అన్న ఉండే పెద్దనాయిన ఇంట్లో గుంటను కూడా మట్టితో నింపి, పైన తెల్ల టైల్స్ వేయించారు. సరిగ్గా అక్కడే గోడకు ఆనుకుని, కుడి కాలు ముందుకు చాపుకుని శేఖరన్న కండెలు చుడుతున్నాడు. నేను లోపలికి పోవాలంటే ఆ కాలు దాటాలి. అన్న దాన్ని రెండు చేతులతో ఎత్తి, పక్కకు పెట్టి నాకు దారి ఇచ్చాడు.