చింతపండుతో తోమిన పతకం

గల్ఫుకొచ్చిన పనిమనుషుల్లో అరబ్బీ చదవగలిగినవాళ్లు తక్కువ. సాబేరా చదవగలదు. రాయచోటి మదరసాలో మూడేళ్లు కూర్చుని నేర్చుకున్న ఆ అక్షరాలే ఆమెకున్న ఒకే ఒక్క గొప్ప. మొగుడు ఇంకో ఆమెను కట్టుకున్నాక పిల్లల్ని తల్లి దగ్గర వదిలి సౌదీ వచ్చింది. అల్ ఖోబర్‌లో, అజీజియాలోని ఒక ఇంట్లో నాలుగేళ్లు అంట్లు తోమింది. ఇరాక్‌తో యుద్ధమొచ్చి నెత్తిమీద మిసైళ్లు పేలేసరికి ఆ ఇంటివాళ్లు జెడ్డాకు సర్దుకున్నారు. పోతూ పోతూ ఆమెను ఒక కాంట్రాక్టరుకు అప్పజెప్పారు. అతను తీసుకెళ్లి ఉత్తరాన, ఇరాక్ సరిహద్దుకు దగ్గర్లోని చిన్న ఆస్పత్రిలో బట్టలుతికే పనికి పెట్టాడు.

యుద్ధం ముగియగానే ఇరాక్‌లో జనం సర్కారు మీద తిరగబడ్డారు. నెల తిరక్కుండానే ఓడిపోయారు. ప్రాణాలు మిగిలినవాళ్లు ఎడారి దాటి ఇటు వచ్చి, ఊరవతల డేరాల క్యాంపులో పడ్డారు. వాళ్లలో గాయాలు మాననివాళ్లను ఈ ఆస్పత్రిలో ఉంచారు.

ఏడో మంచం మీది ముసలాయన పేరు ఫైల్లో కరీం అని ఉంది. ఖర్జూరాలమ్ముకునేవాణ్నని చెప్పేవాడు. పక్కటెముకల కింద తూటా దిగిన చోట చీము పట్టింది. ఆయన్ని చూడ్డానికి క్యాంపు నుంచి ఎవరూ వచ్చేవాళ్లు కాదు, ఎవరైనా వార్డులోకి వస్తే ఆయన దుప్పటి ముసుగేసుకునేవాడు. సాబేరా దుప్పట్లు మార్చడానికి వచ్చినప్పుడు మాత్రం "ఏం బిడ్డా" అని పలకరించేవాడు.

"ముసలాయనకి అదృష్టం పట్టిందే సాబేరా," అంది ఒకరోజు నర్సు జ్ఞానమణి. ఆమెది బాపట్ల. "ఏదో చలిదేశం వాళ్లు తీసుకెళ్తారంట. గాయం మానితే పై నెల్లోనే ప్రయాణం."

"నాక్కూడా ఒక గాయం చేసి పెట్టుక్కా, నేనూ పోతా."

"నువ్వా? అక్కడ ఉతికిన బట్ట ఉతికినట్టే గడ్డకడుతుందంట. నీ ఉద్యోగం ఒక్కరోజులో ఊడుద్ది."

ముసలాయన దగ్గర ఒక పాత ఉన్నికోటు ఉండేది. దాన్ని దిండు కింద పెట్టుకుని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. పేలు పట్టాయని జ్ఞానమణి ఆయన నిద్రపోతున్నప్పుడు లాగి లాండ్రీకి పంపింది. ఉతకబోతుంటే సాబేరా చేతికి లోపలి గుడ్డలో ఏదో గట్టిగా తగిలింది. కుట్లు విప్పి చూస్తే, నల్లబడిపోయిన పతకం.

సాబేరా తండ్రి మిలిటరీలో చేసొచ్చినవాడు. ఆగస్టు పదిహేను ముందురోజు ఆయన పతకాన్ని చింతపండూ బూడిదా పెట్టి తోమడం చిన్నప్పుడు ఆమె పని. మర్నాడు దాన్ని కోటుకు గుచ్చుకుని ఆయన బడి జెండా దగ్గర నిటారుగా నిలబడేవాడు. పతకం నల్లబడితే మిలిటరీ మనిషికి తలవంపులని అనేవాడు. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. చారుకని దాచుకున్న చింతపండులోంచి ఒక ఉండ తీసి, ఇసుక కలిపి, మధ్యాహ్నమంతా తోమింది. అద్దంలా వచ్చింది.

సాయంత్రం వార్డుకు తెచ్చి, తనకొచ్చిన అరబ్బీలో, "బాబా, నువ్వు మిలిటరీలో చేసినావని చెప్పనే లేదే!" అంది. వెనక చెక్కిన పేరును అందరికీ వినపడేలా చదివింది. "కల్నల్ హాతిమ్ అల్ సాలెహ్."

పక్క మంచం మీద కాలు తీసేసిన జబ్బార్ ఉండేవాడు. తన ఊళ్లో బడిపంతులు. అతను మోచేతుల మీద లేచి, "ఇంకోసారి చదువు," అన్నాడు.

మెచ్చుకుంటున్నాడనుకుని సాబేరా ఈసారి ఇంకా గట్టిగా చదివింది.

"ఇరాన్‌తో యుద్ధమప్పుడు మా ఊరి వంతెన మీద పదకొండు రోజులు ఒక్కడుగు వెనక్కి వెయ్యలేదు ఈయన," అన్నాడు జబ్బార్, ముసలాయన వైపు చూడకుండా. "గడ్డం వెనక దాక్కుంటే పోల్చుకోలేకపోయాను. ఈయన మీద పాట కట్టి పిల్లలకు నేర్పింది నేనే. మేం తిరగబడితే మా పక్కకొచ్చాడు. భుజాల మీద ఊరేగించాం. నాలుగో రోజు అదే వంతెన మీదుగా సర్కారు ట్యాంకులకు దారిచ్చాడు."

సాబేరా పతకాన్ని గుప్పిట్లో మూసింది. "ఇది ఈయనది కాదు. వేరేవాళ్ల బట్టల్లో దొరికింది. నేనే పొరపాటుపడినా," అంది.

"అబద్ధమాడకు బిడ్డా, నాదే," అన్నాడు ముసలాయన. తర్వాత జబ్బార్‌తో, "నా కొడుకు వాళ్ల చేతికి చిక్కాడు. దారిస్తే వదుల్తామన్నారు."

"వదిలారా?"

"శవాన్ని ఇచ్చారు."

"మా తమ్ముడిది శవం కూడా దొరకలేదు," అని జబ్బార్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

శుక్రవారం చూడ్డానికొచ్చినవాళ్లతో సంగతి క్యాంపుకు చేరింది. తర్వాతి వారం ఫైలు పట్టుకుని ఒక ఆఫీసరొచ్చాడు. చలిదేశం పోవడానికి దొంగపేరు మీద పెట్టిన కాగితం చెల్లదన్నాడు. గాయం ఆరింది కాబట్టి క్యాంపుకు పంపించెయ్యమన్నాడు.

సాబేరా జబ్బార్ మంచం దగ్గర నిలబడి చేతులు జోడించింది. "అన్నా, నీకు దండం పెడతా. ఈయన ఆయన కాదని ఒక్క మాట చెప్పు."

"నేనొక్కణ్ని చెబితే ఏమవుతుంది? ఆ మొహం తెలిసినవాళ్లు క్యాంపు నిండా ఉన్నారు." మళ్లీ అతనే అన్నాడు, "అయినా నేను చెప్పను."

వ్యాను వచ్చింది. ముసలాయన ఉతికిన కోటు వేసుకున్నాడు. లోపలి కుట్లు సాబేరా మళ్లీ వేసింది కానీ పతకం చేతిలోనే ఉంచుకుంది. దాన్ని అందించబోతే ఆయన తీసుకోలేదు.

"ఇంత మెరిసేదాన్ని నేనెక్కడ దాచుకోను బిడ్డా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఆ తర్వాత ఆయన కబురు లేదు. నాలుగు రోజులకు జ్ఞానమణి వ్యాను డ్రైవర్ని అడిగితే, "వద్దు సిస్టర్, అడక్కు," అన్నాడు. ఏడో మంచం మీదికి ఇంకెవరో వచ్చారు.

"ఊరుకోవే. నువ్వు మంచికే కదా చేశావు," అంది జ్ఞానమణి.

"ఏం మంచిలేక్కా. నోరు మూసుకోనుంటే ఆయప్ప విమానం ఎక్కుండునే."

పతకాన్ని జబ్బార్‌కు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చెత్తలో వెయ్యడానికి ఆమెకు చేతులు రాలేదు. లాండ్రీ వెనక ఇసుకలో పూడ్చింది. రెండు రోజులకే గాలికి ఇసుక కదిలి, బట్టలారేసే తీగ కింద అది తళుక్కుమంది. కాలితో ఇసుక తోసి కప్పింది. మళ్లీ గాలొచ్చింది.

సాబేరా ఆ ఆస్పత్రిలో ఇంకో అయిదేళ్లు పనిచేసింది. పొద్దున్నే తడి దుప్పట్ల బకెట్టు దించి, ఆరేసే ముందు తీగ కింద వెతికేది. కనబడితే కప్పేది. అది నల్లబడేసరికి రెండు వేసవులు పట్టింది, అంత బాగా తోమింది మరి.