నీళ్ళు చూపించాలి, తాగించకూడదు

ఆ బుధవారం ఆవిడ చేసిన చివరి పని రెండు గుడ్డలు ఉతికి ఆరేయడం. ఒకటి పియానో తెల్ల మెట్లు తుడిచేది, ఇంకొకటి నల్ల మెట్లు తుడిచేది. రెండూ ఒకే పాత నూలు దుప్పటిలోంచి చింపినవి. అయినా తీగ మీద వాటి మధ్య జానెడు ఎడం ఉండాల్సిందే. నల్ల మెట్ల రంగు ఏమాత్రం అంటినా తెల్ల మెట్ల మీద మసి తేలుతుందని ఆవిడ భయం. క్లిప్పులు పెట్టి, చేతులు తుడుచుకుని, "తల కాస్త బరువుగా ఉందండీ, ఒక్క కునుకు తీస్తాను" అంటూ లోపలికి వెళ్ళింది. ఆయన ఊఁ అన్నాడు. పేపర్లోంచి తల ఎత్తలేదు. ఆవిడ మళ్ళీ లేవలేదు.

సంగీత పాఠశాల హాల్లో పియానోను పంతొమ్మిదేళ్ళు చూసుకున్న మనిషి ఆవిడ. వాయించడం రాదు. ఎవరైనా అడిగితే, "అద్దాలు తుడిచేవాళ్ళు రోజంతా మొహం చూసుకుంటూ కూర్చుంటారా ఏమిటి?" అని నవ్వేసేది.

ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళు ఎవరెవరి వాక్యాల్లోనో తప్పులు పట్టీ పట్టీ సొంతంగా నోరు విప్పడమే మర్చిపోయాడు. పెళ్ళైన కొత్తలో ఆవిడ, "నేను తప్పులు మాట్లాడితేనన్నా తల ఎత్తుతారా?" అని దెప్పేది. కొన్నాళ్ళకి దెప్పడం మానేసింది. సర్దుకుపోయింది కాబోలు అనుకున్నాడాయన.

నెల తిరిగాక హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసి హాలు తాళంచెవి పంపమంది. కొత్త మనిషి దొరకడానికి మూడు వారాలు పడుతుందట.

"అప్పటిదాకా నేను చూస్తానమ్మా" అన్నాడు. అన్నాక తనకే ఆశ్చర్యం వేసింది. ఇంట్లో ఆవిడ కళ్ళజోడు ఉంది, దువ్వెన ఉంది, కాళ్ళు చాపుకునే పీట ఉంది. దేన్లోనూ ఆవిడ మాత్రం దొరకడం లేదు. ఆ హాల్లో దొరుకుతుందేమోనని చిన్న ఆశ.

గేటు దగ్గర పాఠశాల ఆయా ఎదురైంది. "రండి బావగారూ! మా అక్క ఉన్నన్నాళ్ళూ ఈ దారి తెలీదు, ఇప్పుడు తెలిసిందా?" అంది. అనేసి కళ్ళు ఒత్తుకుంది.

పని ఎలా చెయ్యాలో ఆయనకి కంఠతా వచ్చు. అన్నం వడ్డిస్తూ ఆవిడ చెప్పేది, ఈయన ఊఁ కొట్టేవాడు. గుడ్డకి నీళ్ళు చూపించాలి గానీ తాగించకూడదు. గట్టిగా పిండి, మెట్టు వెనకనుంచి మనవైపుకి లాగాలి. అడ్డంగా రుద్దితే దుమ్మూ తడీ సందుల్లోకి దిగుతాయి. తడిగుడ్డ వెనకాలే పొడిగుడ్డ. లోపలి తీగల మీద వేలు పెట్టకూడదు, చెమటకి తుప్పు పడతాయి. మూత మీద పూలకుండీ పెట్టిన టీచర్‌ని ఓసారి ఆవిడ, "మీ ఇంట్లో టీవీ మీద కూడా మొక్కలు పెంచుతారా అమ్మా?" అని అడిగిందట.

నాలుగింటికి మొదలుపెట్టాడు. అన్నీ చెప్పినట్టే చేశాడు. గోడ గడియారం చూస్తే ఐదుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆవిడ ఏనాడూ ఆరు దాటకుండా ఇల్లు చేరింది లేదు. తనేదో వదిలేశాడన్నమాట. ప్రూఫు ఒక్కసారి చూసి వదిలేసే అలవాటు ఆయనకి లేదు. మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎత్తుకున్నాడు. ఆ తర్వాత మూడోసారి. అప్పటికే తళతళలాడుతున్న మెట్ల మీద ఇంకేం కనిపించక, గుడ్డ కాస్త ఎక్కువే తడిపాడు. ఆరైంది. ఆవిడ నడిచిన దారినే, ఆవిడ వచ్చే వేళకే ఇల్లు చేరాడు. ఆ పూట అన్నం సయించింది. రోజు విడిచి రోజు అలాగే చేశాడు.

పదో రోజుకి మధ్యలో నాలుగు తెల్ల మెట్లు కిందికి దిగి పైకి లేవడం మానేశాయి. సోమవారం నుంచి పిల్లలకి పరీక్షలు. పంతొమ్మిదేళ్ళు ఆవిడ చేతిలో తుమ్మి ఎరగని వస్తువు, తన చేతిలో పది రోజులకే మంచం పట్టింది. పోయిన మనిషి దాచుకున్నది కూడా పోగొట్టానని కుమిలిపోయాడు.

మర్నాడు పియానోకి శ్రుతి చేసే ఆయన వచ్చాడు. లావుపాటి మనిషి. ముందు పలక ఊడదీసి, ఒక మెట్టుని పన్నులా పైకి లాగి చూశాడు.

"కిందంతా కర్ర సార్. నీళ్ళు తాగి ఉబ్బింది."

"బతుకుతుందా?"

"దీనికేం, గుండ్రాయి. రెండ్రోజులు ఆరనిస్తే అదే లేచి కూర్చుంటుంది. పరీక్షలకి అందుతుంది."

ఆయన ఊపిరి పీల్చుకుని బల్ల అంచున కూలబడ్డాడు.

"అది సరే, ఎంతసేపు తుడిచారేంటి?"

"రెండు గంటలు. ఆవిడ చేసినట్టే."

శ్రుతి చేసే ఆయన పెద్దగా నవ్వాడు. "రెండు గంటలా! మీరు తుడిచారా, ముంచి తీశారా? ఇది నలభై నిమిషాల పని సార్. ఆవిడకి నేర్పిందే నేను. ఆవిడైతే ఇంకో ఐదు తక్కువలోనే ముగించేది."

"మరి ఆరు దాటేదాకా..."

గుమ్మంలో ఊడుస్తున్న ఆయా చీపురు ఆపింది. చెప్పాలా వద్దా అన్నట్టు కాసేపు దాని పిడి తట్టింది.

"పని ఐదు లోపే అయిపోయేది బావగారూ. ఆ చివరి వరసలో, గోడవార కుర్చీలో కూర్చునేది అక్క. ఫ్యాను వెయ్యనా అంటే వద్దనేది."

"ఏం చేసేది?"

"ఏం చేసేది కాదు. మీరు రిటైరైనప్పట్నుంచీ అంతే. ఇంటికెళ్ళవేం అక్కా అని నేనూ అడిగాను. 'ఆరింటికి ఆయన రేడియోలో వార్తలు పెడతారే, అప్పుడెళ్తే ఇంట్లో ఎవరో మాట్లాడుతున్నట్టుంటుంది' అనేది."