కొబ్బరి లెక్కకు గిటారు

మొన్న అమలాపురంలో కళ్ళజోళ్ళ దుకాణంలో కూర్చుని ఉండగా, అద్దాలు బిగిస్తున్న కుర్రవాడి ఫోనులోంచి ఫిడేలూ, దాని వెనకే ఎలక్ట్రిక్ గిటారూ వినిపించాయి. ఐర్లండు దేశపు పాత పల్లె బాణీ, రాక్ బ్యాండు వాయించినది. వెంటనే గుర్తుపట్టాను. "ఈ పాట నీకెక్కడిది నాయనా?" అంటే, "ఏమోనండి, దానంతటదే వచ్చిందండి" అన్నాడు. మాకు మాత్రం అది దానంతటదే రాలేదు. మస్కట్ నుంచి మా మేనత్త కొడుకు పెట్టెలో, లుంగీల మడతల మధ్య, మూడు కేసెట్లుగా వచ్చింది. నా డైరీ ప్రకారం అది తొంభై ఆరు, జూన్ నెల.

బావ అక్కడ ఒక హోటల్లో ఎలక్ట్రీషియనుగా ఉండేవాడు. తోటి ఐరిష్ ఉద్యోగి ఒకాయన స్వదేశానికి వెళ్ళిపోతూ, తమ దేశపు రాక్ బ్యాండు ఒకదాని ఆల్బములు మూడూ ఇతనికి ఇచ్చాడట. ఆ బ్యాండువారు తమ పల్లెల బాణీలను తీసుకుని, వాటికి డ్రమ్ములూ గిటార్లూ జోడించారు. మొదటి ఆల్బం నిండా కాళ్ళను కుదురుగా ఉండనివ్వని నృత్యాలు. రెండోది ఏదో పాత యుద్ధగాథ. మూడోది మాత్రం ముసురు పట్టిన మధ్యాహ్నంలా నింపాదిగా సాగేది. ఒక్క మాటా అర్థం కాకుండానే మూడింటినీ కంఠస్థం చేశాం. మస్కట్ నుంచి వచ్చేశాక బావ పెళ్ళిళ్ళలో సినిమా పాటలు వాయించే చిన్న బృందాన్ని నడుపుతుండేవాడు. ఒకనాడు భోజనాల దగ్గర ఉండబట్టలేక అన్నాడు: "వాళ్ళు తాతల పాటలు వాయించుకున్నారు బావా. మనకేం తక్కువ?"

"మనకి కాయలు తక్కువరా. లారీ వచ్చేసింది, లే" అన్నారు వాళ్ళ నాన్నగారు.

మా మామయ్యగారిది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. ఉగాదిలోగా ఈ మేళం ఒక దరికి చేరకపోతే గిటారు అమ్మేసి కొట్టులో కూర్చోవాలని కొడుక్కి గడువు పెట్టారు. బావ ఆలోచన మరొకటి. మామయ్యగారు లెక్కపెట్టేటప్పుడు రెండు చేతులా కాయలు తీసి విసురుతూ, ఒకటి అనవలసిన చోట "లాభాం" అని సాగదీసి, తక్కిన అంకెలను ఒక ఊపులో పాడేవారు. ఆ లెక్క వీధి చివరికి వినపడేది. కొడుకు తన మొదటి ఆల్బములో పెట్టదలచిన తాతల పాట అదే.

రాజమండ్రి నుంచి రికార్డింగు యంత్రంతో ఒకాయనను ఒక్కరోజుకు పిలిపించాం. మిగతా పాటలన్నీ అయ్యేసరికి అయిదు నిమిషాల చిన్న టేపు ఒక్కటే మిగిలింది. మామయ్యగారిని బతిమాలితే, "చేతిలో కాయ లేకుండా లాభం అనకూడదు. మొదలెట్టిన రాశి సగంలో ఆపకూడదు. ఇష్టమైతే సరే, లేకపోతే మానెయ్యండి" అన్నారు. దానికేం భాగ్యమని బావ గోదాము మూలన నాలుగు నిమిషాలకు సరిపడా చిన్న రాశి పోయించి, మైకులు పెట్టించాడు. ఏ రాశిని లెక్కపెట్టాలో ఆయనకు చెప్పడం ఎవరికీ తోచలేదు. వాకిట్లో లారీ నిలబడి ఉండగా వ్యాపారస్తుడు చిన్న రాశిని చూస్తాడా? ఆయన తిన్నగా లారీకి ఎత్తవలసిన పెద్దరాశి దగ్గరకు నడిచి, తలపాగా బిగించి, "లాభాం" అన్నారు.

ఇక ఆపేవాడెవడు? మైకులు పట్టుకుని అటు పరుగెత్తారు. డ్రమ్ముల అబ్బాయి కాయ పడే దెబ్బను పట్టుకున్నాడు. ఫ్లూటు అందుకుంది. నేను గడియారం పట్టుకుని టేపు పక్కన నిలబడ్డాను. రాశి సగం కూడా తరగకముందే టేపు అయిపోయింది. యంత్రం ఆయన రెండు చేతులూ ఎత్తేశాడు. నేను బావకు సైగ చేశాను. బావ టేపును చూశాడు, తండ్రిని చూశాడు. అప్పటికి మామయ్యగారి అడుగు డ్రమ్ముతో పడుతోంది. గిటారు అందుకునేదాకా అంకెను పట్టి ఉంచి, ఆపైన వదులుతున్నారు. బావ నాకేసి అడ్డంగా తల ఊపి, వాయిస్తూనే ఉన్నాడు.

ఆఖరి కాయ పడ్డాక మామయ్యగారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. "రాశి అయింది. మీ పాట అయిందా?"

"ఆయ్, అయిందండి నాన్నగారూ."

"ఆ డ్రమ్ములబ్బాయికి మజ్జిగ ఇవ్వండ్రా. చెయ్యి ఆపలేదు."

కేసెట్టు అచ్చయి రాజోలు, కొత్తపేట దుకాణాలకు చేరింది. పాట చివర శబ్దాన్ని నెమ్మదిగా తగ్గించి సరిపెడదామని యంత్రం ఆయన అన్నా బావ ఒప్పుకోలేదు; లెక్క మధ్యలో తెగిన చోట తెగినట్టే ఉంచాడు. గిటారు అమ్మలేదు. రెండు వేల మూడు లోపల మరో రెండు ఆల్బములు వచ్చాయి. మామయ్యగారు మాత్రం మొదటిదాన్నే కొట్టులో పెట్టి, పైరాష్ట్రాల బేరగాళ్ళకు వినిపించేవారు. పాట ఠక్కున ఆగగానే వాళ్ళు మొహాలు చూసుకుంటే, కుర్చీలో నిటారుగా కూర్చుని అనేవారు: "టేపు చిన్నదండి. మావాళ్ళు ఆఖరి కాయ దాకా వాయించేరు."

ఆ తరువాత గడిచిన సంవత్సరాలను నెలలతో సహా కూడి చెప్పగలను. ఆ మధ్యాహ్నం టేపు ఆగాక పాట ఎంతసేపు సాగిందో మాత్రం డైరీలో లేదు. గడియారం నా చేతిలోనే ఉంది, నేను చూడలేదు.