ఎండాకాలం నడిచిన ఏరు

మాది తిరువూరు. మా కట్టలేటిలో వానాకాలం తప్ప నీళ్లుండవు. వానలు పడ్డాక ఒక రోజంతా రబ్బరు పడవలో తెడ్లేసుకుంటూ తిరగాలని మా బావ సరదా. అందుకే ముందుగా వేసవిలో అక్కా బావా నేనూ ఎండిన ఏట్లో వినగడప దాకా నడిచి దారి చూసుకున్నాం. మధ్యలో పెద్ద బండ పక్కన ఇసుకలో కూర్చుని, ఉప్పూకారం అద్దుకుని మామిడికాయ ముక్కలు తిన్నాం.

"ఇక్కడ నీళ్లు మోకాలు దాటవు, నీకెందుకు భయం?" అన్నాడు బావ అక్కతో.

వానలొచ్చాయి. పడవ దించాం. సరిగ్గా ఆ బండ దగ్గరే పడవ ఇసుకలో కూరుకుపోయింది. "ఉండండి, దిగి నెడతా" అని బావ దిగాడు. నీళ్లు నిజంగానే మోకాలి దాకే ఉన్నాయి. మా వైపు చూసి నవ్వుతూ ఇంకో అడుగు వేశాడు. అంతే, మళ్లీ కనపడలేదు. నేను తెడ్డు నీళ్లలోకి చాచి కేకలు వేస్తూనే ఉన్నాను. "ఏమండీ, ఏమండీ" అని అక్క ఆ నీళ్లను పిలుస్తూనే ఉంది.

సాయంత్రానికి జాలర్లు బయటకు తీశారు. మేము నడిచి వెళ్లాక ఎవరో ఇసుక కోసం తవ్విన గుంత అది.

"లోతు తెలియకుండా దిగారు" అన్నారు పరామర్శకు వచ్చినవాళ్లు. మేము తెలుసుకునే దిగాం.

మొన్న వేసవిలో వెళ్లి చూశాను. ఆ గుంత పక్కనే ట్రాక్టర్లు పెట్టుకుని ఇంకోటి తవ్వుతున్నారు.