తగ్గిందా?

గురువారం మధ్యాహ్నం మా చర్చి హాలులో గ్రేవీ వేడెక్కుతుంటే, ఆ వాసనలో మిరియాల ఘాటు కూడా కలిసి వస్తుంది. ఇంగ్లీషువాళ్ళెవరూ గ్రేవీలో అంత మిరియాల పొడి వెయ్యరు. సులోచన ఆంటీ వేసేది. ఆవిడ పోయాక కూడా మేం వేస్తూనే ఉన్నాం, ముసలివాళ్ళు తుమ్ముకుంటూ తింటూనే ఉన్నారు. ఆ ఘాటు ముక్కుకు తగిలినప్పుడల్లా ఆవిడ వెనకనుంచి వచ్చి నా చేతిలో గరిటె లాక్కుంటుందేమో అనిపిస్తుంది.

ఇంగ్లండులో లీడ్స్‌కు బస్సు దూరంలో ఉన్న ఈ చిన్న ఊరికి నేను వరంగల్ నుంచి వచ్చి కేరర్‌గా చేరినప్పుడు, మా ఏజెన్సీకి ఆవిడే మేనేజరు. ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్నానం చేయించడం, మందులివ్వడం, తినిపించడం మా పని. ఇంట్లోకి వెళ్ళగానే నవ్వుతూ “హౌ ఆర్ యూ ఫీలింగ్ టుడే?” అని అడగాలని ట్రైనింగ్‌లో నేర్పారు. తెనాలి మనిషి ఆంటీకి ఆ పలకరింపు బొత్తిగా నచ్చేది కాదు. మనం రోగిని చూడబోతే తగ్గిందా అని అడుగుతాం కదా, ఆవిడ దాన్నే తిన్నగా ఇంగ్లీషులోకి దించేసింది. భుజం నొప్పితో మంచంలో ఉన్న వాల్టర్ అనే పెద్దాయన ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను.

“ఈజ్ ఇట్ లెస్, వాల్టర్?”

“లెస్ దేన్ వాట్, లవ్?” ఇక్కడి పెద్దవాళ్ళు ఎవరినైనా, మనం అమ్మా అన్నట్టు, లవ్ అనే పిలుస్తారు.

“దేన్ యెస్టర్‌డే.”

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించి “నో” అన్నాడు. బయటికొచ్చి కారెక్కాక ఆంటీ నాతో అంది: “ఎలా ఉన్నారంటే అందరూ ఫైన్ అనే అంటారు స్వప్నా. తగ్గిందా అంటే ఆలోచించి చెప్పాలి. తగ్గలేదన్నాక మనం ఊరుకోకూడదు, ఏదో ఒకటి చెయ్యాలి.”

అలా అని ఆవిడేం సర్వజ్ఞురాలు కాదు. మనిషిని మిషన్‌తో మంచం మీంచి కుర్చీలోకి దించేటప్పుడు ఇద్దరు కేరర్లు ఉండి తీరాలని రూలొచ్చినప్పుడు, ఎవరు ఎప్పుడు ఏ ఇంటికెళ్ళాలో రాసుకున్న రోటా అంతా తలకిందులైందని వారం రోజులు సణిగింది. ఆ తర్వాత ఒకరోజు వాల్టర్ తనంతట తనే “లెస్” అన్నాడు. ఒక్కరే లాగినప్పుడు భుజం ఎంత గుంజుకుపోయేదో అప్పుడు చెప్పాడు. ఆంటీ సణగడం మానేసింది. “ఆ రూలులో ప్రేమ, దయ అన్న మాటలు వెతికినా దొరకవు. అయినా ఆయనకి తగ్గింది” అని ఆశ్చర్యపోయింది.

ఎన్నికల తర్వాత కొత్త కౌన్సిలర్లు వచ్చారు. మనసుతో సంరక్షణ అనే అర్థం వచ్చే పేరుతో ఒక పథకం తెచ్చారు. వృద్ధులను చలిలో మినీబస్సు ఎక్కించి డే సెంటర్‌కు తిప్పడమేమిటి, ఎవరింట్లో వాళ్ళను గౌరవంగా ఉండనిద్దాం, కేరర్లే ఇంటికి వస్తారు అన్నారు. వాల్టర్ లాంటివాళ్ళు పగలు చేరి డామినో బిళ్ళలాడుకునే ఆ డే సెంటర్ మూసేశారు. ఆ పథకాన్ని కౌన్సిల్ మీటింగులో మెచ్చుకున్నవాళ్ళలో ఆంటీ కూడా ఉంది. పొద్దున్నే వణుకుతూ బస్సు కోసం నిలబడే ముసలివాళ్ళను ఆవిడ కళ్ళారా చూసింది మరి.

చలికాలం గడిచాక వాల్టర్‌ను ఎప్పటిలాగే అడిగింది. ఆయన వెచ్చగా తన కుర్చీలో, తన దుప్పట్లో ఉన్నాడు.

“కాళ్ళ నొప్పులు లెస్. మిగతాది మోర్” అన్నాడు ఇంగ్లీషులో.

“మిగతాదంటే?”

“డామినోలాటలో నేను మోసం చేశానని తిట్టేవాళ్ళు ఎవరూ లేరు, లవ్.”

తర్వాతి మీటింగులో, ఈ పథకం ఎంత సహానుభూతితో తయారైందో ఒక అధికారి చెబుతుంటే ఆంటీ లేచి నిలబడింది. “పోయినసారి నేనే దీన్ని మెచ్చుకున్నాను. పొరబడ్డాను. వాల్టర్‌కి తగ్గలేదు” అంది. మా ఉద్దేశం మంచిదేనండీ అన్నాడాయన. “నా ఉద్దేశమూ మంచిదే బాబూ. నేనడిగేది అది కాదు” అంది ఆంటీ. ఆయన ముఖం చూస్తే నాకు జాలేసింది. పాపం, ఆయనా మంచివాడే.

డే సెంటర్ మళ్ళీ తెరవలేదు. ఆంటీ మా తెలుగు చర్చి పెద్దల వెంటపడింది. ప్రార్థన చేసుకునే హాలులో ఆటలేమిటని వాళ్ళు నసిగితే, “పాటల మధ్యలో మీరు ఫోన్లు చూసుకోవట్లేదా” అని నోరు మూయించింది. అలా గురువారం భోజనాలు మొదలయ్యాయి. మొదటి గురువారం వాల్టర్‌ను అడిగితే, గెలిచాక చెబుతానన్నాడు.

చివరి రోజుల్లో ఆంటీని ఆసుపత్రిలో చూడబోయాను. కంగారులో నా నోటికి ఉద్యోగపు మాటే వచ్చింది. “హౌ ఆర్ యూ ఫీలింగ్, ఆంటీ?”

కళ్ళు తెరవకుండానే “ఫైన్” అంది. ఆ గొంతులోని ఎగతాళి నాకు తెలుసు.

మా ఊరి మాటలో మళ్ళీ అడిగాను. “తక్కువైందా ఆంటీ?”

“తగ్గలేదు. ఏడుస్తూ కూర్చోకు, పోయి నర్సుని పిలువు.”

పిలిచాను. నర్సు మందు పెంచింది. కాసేపటికి ఆవిడ నుదుటి మీద ముడతలు సడలాయి. నేను అడక్కముందే “తగ్గింది” అంది.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. దయగల మాటలతో కొత్త పథకాలు వస్తూనే ఉన్నాయి. వాటిని వెక్కిరించను, కొన్ని నాకు నిజంగా నచ్చుతాయి కూడా. కానీ మెచ్చుకునే ముందు ఇళ్ళకు వెళ్ళి అడిగి వస్తాను. ఈ గురువారం వాల్టర్ ముందు ప్లేటు పెట్టి అలాగే అడగబోయాను. ఆయన గ్రేవీ వాసన చూసి, తుమ్మి, నా ముఖం వైపు చూశాడు.

“అండ్ యూ, లవ్? ఈజ్ ఇట్ లెస్?”

నేను కాసేపు ఆలోచించి “నో” అన్నాను. ఆయన పక్క కుర్చీ జరిపి, డామినోలు నాకూ పంచాడు.