గేటు దగ్గరి తప్పు సిగ్నల్

రూఫస్ జర్మనీలోని హానోవర్‌లో, ఇంట్లో కూర్చుని, రైల్లో గంటన్నర దూరాన ఉన్న నూట నలభై ఆవులను మేపుతాడు. గడ్డిని మాత్రం ఎన్నడూ తొక్కి ఎరగడు. అంత పెద్ద ఉద్యోగం మరి.

పద్ధతి గొప్పదే. పచ్చిక బీడును పన్నెండు మడులు చేస్తారు. ఆవులు ఒక మడిలో సగం గడ్డి మేసి, సగం మిగిల్చి, పక్క మడిలోకి పోవాలి. మేసిన మడికి మళ్లీ ఎదిగేదాకా విశ్రాంతి. ఎప్పుడు పోవాలన్నది వానను బట్టి, గడ్డిని బట్టి ఏ రోజుకారోజు మార్చుకోవాలి. ఆ మార్చే పని రూఫస్ రాసిన ప్రోగ్రాంది. ఆవుల మెడల్లో అవెక్కడున్నాయో చెప్పే కాలర్లు, రైతమ్మ ఇల్జె చేతిలో ఫోను. ప్రోగ్రాం చెప్పందే గేటు తియ్యకూడదని ఒప్పందం.

జూన్‌లో వాన మొహం చాటేసింది. ప్రోగ్రాం నిరుటి వానతోనే లెక్కలు కట్టి, "మూడో మడిలో ఇంకా నాలుగు రోజులు" అంది. తెల్లారేసరికి ఆవులన్నీ ఒకే మూలన గుంపుకడుతున్నాయని కాలర్లు చెప్పాయి. నూట నలభై ఆవులు ఒక్కచోటా! సిగ్నల్ తప్పని తేల్చి రూఫస్ ఆ డేటా వరసలన్నీ చెరిపేశాడు. దాంతో డేటా కడిగిన ముత్యంలా మెరిసింది.

శుక్రవారం ఇల్జె ఫోన్ చేసింది. "రేపొచ్చి కళ్లారా చూడండి. మీ ప్రోగ్రాం దారికి రాకపోతే సోమవారం కాలర్లు పెట్టెలో పెట్టి పంపేస్తాను."

కాలర్లు వెనక్కొస్తే, ఆ నెలాఖరుకు ముగిసే ప్రొబేషన్ గట్టెక్కదు. ఆ వెనకే, ఉద్యోగాన్ని నమ్ముకుని ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డూ పోతుంది.

శనివారం భార్య కృపామణితో వెళ్లాడు. మూడో మడి గుండు కొట్టించినట్టుంది. ఆవులు గేటుకు మూతులానించి అరుస్తున్నాయి. అవతల నాలుగో మడిలో మోకాలెత్తు గడ్డి.

"ఏవండీ, మీరు చెరిపేసిన సిగ్నలు ఇదేనా?"

"లెక్కకు పొసగని అవుట్‌లయర్ అనుకున్నా మణీ."

"ఆకలేసి గుమ్మంలో నిలబడితే అవుట్‌లయరా? మీరూ రోజూ పన్నెండున్నరకి వంటింటి గుమ్మంలో నిలబడతారుగా, చెరిపెయ్యమంటారా?"

ఆవిడేమంటోందని ఇల్జె అడిగింది.

"గేటు తియ్యమంటోంది," అన్నాడు రూఫస్. తనే తీశాడు. తమకు మేత పెడుతున్న మనిషి వంక ఒక్క ఆవూ తల తిప్పి చూడలేదు.

ఆదివారం కృపామణి ఒక్కతే చర్చికి వెళ్లింది. రూఫస్ ఈ ఏటి వానను ఎక్కించి, చెరిపేసిన వరసలను వెనక్కి తెచ్చి, ఒక నియమం రాశాడు: సగానికి పైగా ఆవులు గేటు దగ్గర నిలబడితే గేటు తియ్యాలి.

ఇల్జె కాలర్లు ఉంచుకుంది. కంపెనీ ఆ నియమానికి 'పశుప్రవర్తనాధారిత నిర్ణయ వ్యవస్థ' అని పేరు పెట్టి, నెలాఖరున రూఫస్ ఉద్యోగం ఖాయం చేసింది.

"కనిపెట్టినందుకు మీకు ఉద్యోగమిచ్చారు, బావుంది. చెప్పినందుకు ఆవులకేమిచ్చారండీ?" అంది కృపామణి.

"కొత్త కాలర్లు."